ప్రాగ్‌లో మొదటి రోజు: స్నేహితులతో కలిసి ఒకే కథ వెంట నడవడం ఎలా

డ్రెస్డెన్, కెమ్నిట్జ్, లైప్‌జిగ్ వైపు చదువుకుంటున్న మనవాళ్లకు శని ఆదివారాల్లో చేతికందే నగరం ప్రాగ్. డ్రెస్డెన్‌లో రైలెక్కితే ఎల్బే నది పక్కనే సాగి రెండున్నర గంటల్లోపు ప్రాగ్ పెద్ద స్టేషన్‌లో దింపుతుంది. వెళ్లడం తేలిక. వెళ్లాక ఏం చేయాలన్నదే చిక్కు. ఆరుగురు స్నేహితులు కలిస్తే ఆరు జాబితాలు ఉంటాయి, వాటిని కలిపితే పాతిక చోట్లవుతాయి. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, ఫోన్ నిండా ఫొటోలుంటాయి, ఏ గోపురం ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

అందుకే నా సలహా ఒక్కటే. మొదటి రోజు ఒకే ఒక్క కథను పట్టుకుని నడవండి. 1618లో కోటలో ఒక కిటికీ దగ్గర మొదలై, 1621లో నగరం నడిబొడ్డున 27 మంది ప్రాణాలు తీయడంతో ముగిసిన కథ అది. వంతెన, కోట, తోట, చౌరస్తా అన్నీ ఆ కథలో ఉన్నాయి. దాని వెంట నడిస్తే చూడాల్సిన ముఖ్యమైన చోట్లు ఎలాగూ తగులుతాయి, ఒకదానికొకటి సంబంధం కూడా తెలుస్తుంది.

ముందు రాత్రి చేసుకోవాల్సినవి

చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబరు నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల బృందంలో, ఉంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ గానీ, చెల్లుబాటులో ఉన్న జర్మనీ నేషనల్ వీసా గానీ ఉంటే వేరే వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ దగ్గరుండాలి. సరిహద్దు దగ్గర రైల్లో పోలీసులు అడిగితే ఫోన్లో ఫొటో చూపిస్తే సరిపోదు. ఆ ఫొటోలు ఒరిజినల్స్ పోతే పనికొస్తాయి కాబట్టి అవీ తీసి ఒకరివి ఒకరికి పంపి ఉంచండి. యూరోపియన్ యూనియన్ సిమ్ అయితే రోమింగ్‌కి అదనంగా కట్టే పని లేదు. అత్యవసరానికి నంబరు 112.

డబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. ఇక్కడ యూరో కాదు, కొరునా. దాదాపు అన్ని చోట్లా కార్డు నడుస్తుంది. టాయిలెట్లకు, చిన్న కొట్లకు మాత్రం కొన్ని నాణేలు కావాలి. ఏటీఎంలో తీసేటప్పుడు బ్యాంకు వాళ్ల ఏటీఎం వెతుక్కోండి. తెర మీద 'యూరోల్లోకి మార్చి చూపించమంటారా' అనే అర్థం వచ్చే ప్రశ్న వస్తే వద్దని నొక్కండి. ఒప్పుకుంటే మారకం రేటు వాళ్ల ఇష్టం. వీధిలో దగ్గరికొచ్చి 'మంచి రేటిస్తాను' అనేవాడితో మాట కూడా కలపకండి, చెల్లని వేరే దేశం నోట్లు అంటగట్టడం అక్కడి పాత మోసం. దుకాణంలో మార్చుకుని రేటు చూసి గుండె జారితే, 1000 యూరోల లోపు లావాదేవీని మూడు గంటల్లోగా రసీదు చూపించి రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. ఆ రసీదు పారేయకండి.

బూట్ల విషయంలో మొహమాటం వద్దు. పాత నగరమంతా రాతి పలకల దారులు. ఫొటోల కోసం కొత్త బూట్లు, పలచటి చెప్పులు వేసుకొచ్చినవాళ్లు మధ్యాహ్నానికే కూలబడతారు, వాళ్ల కోసం అందరూ ఆగాల్సి వస్తుంది.

ఇక బృందంలో పనులు పంచుకోండి. దారి, టైమ్ చూసే బాధ్యత ఒకరికి. ఖర్చు పెట్టి, ఖర్చులు పంచి చూపే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో అప్పటికప్పుడే ఎక్కించే బాధ్యత ఇంకొకరికి. ఎవరు ఏం తింటారో, ఏం తినరో గుర్తు పెట్టుకునే బాధ్యత మూడో మనిషికి. విడిపోతే కలుసుకునే చోటు కూడా ముందే అనుకోండి: ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో మతసంస్కర్త యాన్ హుస్ విగ్రహం. ఎంత రద్దీలోనైనా కనబడేంత పెద్దది.

1. పొద్దున్నే వంతెన మీదికి

మెట్రో ఏ లైన్‌లో స్టారోమ్యెస్ట్‌స్కా స్టేషన్లో దిగండి. రోజంతా తిరుగుతారు కాబట్టి 24 గంటల టికెట్టు నయం. కాగితం టికెట్టయితే మొదటిసారి ఎక్కే ముందు పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. వేయించకపోతే టికెట్టు కొన్నా కొననట్టే. మామూలు బట్టల్లో ఉండే తనిఖీ సిబ్బంది బ్యాడ్జి చూపించి జరిమానా రాస్తారు. యాప్‌లో కొంటే చెల్లుబాటు మొదలవడానికి కాసేపు పడుతుంది కాబట్టి ట్రామ్ కనబడ్డాక కాదు, ముందే కొనండి.

స్టేషన్ నుంచి చార్ల్స్ బ్రిడ్జికి ఐదు నిమిషాల నడక. వేసవిలో ఆరింటికల్లా అక్కడ ఉండాలి. పది దాటితే భుజానికి భుజం తగులుతుంది, ఏ విగ్రహం ముందూ నిలబడలేరు. చలికాలంలో ఎనిమిది దగ్గరపడితే గానీ వెలుగు రాదు, కాబట్టి అంత తొందర అక్కర్లేదు. ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక్కడ ఇంతకుముందు జుడిత్ అనే రాతి వంతెన ఉండేది. 1342 వరదలో కొట్టుకుపోయింది. చక్రవర్తి నాలుగో చార్ల్స్ 1357లో ఈ కొత్త వంతెన మొదలుపెట్టాడు. 516 మీటర్ల పొడవు, 16 కమానులు. ముహూర్తం చూసి శంకుస్థాపన చేశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు: 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. అంకెలు వరుసగా రాస్తే 135797531, అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే. రెండు వైపులా కనిపించే 30 విగ్రహాలు మాత్రం అప్పటివి కావు. ఎక్కువ భాగం 1683, 1714 మధ్య నిలిపినవి, ఇప్పుడున్నవాటిలో చాలావరకు నకళ్లు. వాటిలో పాతది నెపోముక్ యోహానుది. 1393లో రాజు ఆజ్ఞతో ఆయన్ని ఈ వంతెన మీది నుంచే నదిలోకి తోయించారు.

వంతెన ఎక్కే ముందు పాత నగరం వైపున్న బురుజు కింద ఆగి తలెత్తి చూడండి. మన కథ చివరి దృశ్యాల్లో ఒకటి ఇక్కడిదే. 1621లో చంపిన వాళ్లలో 12 మంది తలలను ఇనుప బుట్టల్లో పెట్టి ఈ బురుజుకు పదేళ్ల పాటు వేలాడదీశారు. వాళ్లెవరు, ఏం చేశారు అన్నది తెలుసుకోవడానికి ఇప్పుడు నది దాటి కోటకెళ్లాలి.

2. కోటకు ట్రామ్‌లో ఎక్కండి, నడిచి దిగండి

వంతెన దాటాక మాలోస్ట్రాన్‌స్కే చౌరస్తాలో 22 నంబరు ట్రామ్ ఎక్కి 'ప్రజ్‌స్కీ హ్రాడ్' స్టాపులో దిగండి. నడిచి ఎక్కొచ్చు, కానీ రోజు మొదట్లోనే ఓపికంతా ఏటవాలు మీద ఖర్చు పెట్టడం దండగ. గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేయొచ్చు. ప్రాంగణాల్లోకి ఉచితం. భవనాల్లోకి టికెట్టు కావాలి, అవి తొమ్మిదింటికి తెరుస్తారు. విద్యార్థులకు తగ్గింపు ఉంది, 26 ఏళ్ల పరిమితి కూడా ఉంది. యూనివర్సిటీ కార్డు మర్చిపోవద్దు. టికెట్టు రెండు రోజులు పనిచేస్తుంది. ఆదివారమైతే ఉదయం ప్రార్థనలుంటాయి, సెయింట్ వైటస్ చర్చిలోకి సందర్శకులను మధ్యాహ్నం నుంచే పంపుతారు.

ఆ చర్చిని 1344లో మొదలుపెట్టారు, పూర్తయింది 1929లో. తూర్పు భాగం పద్నాలుగో శతాబ్దపు పని, మీరు లోపలికి వెళ్లే పడమటి ముఖం మాత్రం మొన్నమొన్నటిది. లోపల ఎడమవైపు రంగుటద్దాల కిటికీల్లో చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముచా వేసినదాని దగ్గర కాసేపు ఆగండి.

కోటలో మిమ్మల్ని నిలబెట్టాల్సింది పాత రాజభవనం. చాలామంది వ్లాదిస్లావ్ హాల్లోకొచ్చి పైకప్పు రాతి అల్లిక చూసి, గుర్రాల మీద పోటీలు జరిగేవట అనుకుని వెళ్లిపోతారు. ఆ హాలు మూలన ఒక చిన్న ద్వారం ఉంది. అందులోంచి వెళ్తే పాత పాలనా కార్యాలయం గది. దాని కిటికీ దగ్గరికి అందరూ రండి.

కథ ఇది. 1609లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి బొహీమియా రాజ్యంలో (ప్రాగ్ దాని రాజధాని) ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇస్తూ పత్రం రాసిచ్చాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆ మాట నిలబెట్టుకోలేదు. ప్రొటెస్టెంట్ల చర్చి ఒకదాన్ని మూయించారు, ఇంకొకదాన్ని కూలగొట్టించారు. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రముఖులు ఈ గదిలోకి దూసుకొచ్చి, చక్రవర్తి తరఫున పాలిస్తున్న ఇద్దరు అధికారులను, వాళ్ల గుమస్తాను కిటికీలోంచి బయటికి విసిరేశారు. సుమారు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు! మేరీమాత కాపాడిందని క్యాథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. దాంతో రగిలిన యుద్ధం ముప్పై ఏళ్లు సాగి, 1648లో గానీ ఆగలేదు. సగం యూరప్ అందులో కాలిపోయింది. మీరు చదువుకుంటున్న జర్మనీ నగరాల చరిత్రలోనూ ఆ గాయం ఉంటుంది. కిటికీలోంచి కిందికి చూశాక బృందంలో ఎవరూ మాట్లాడకపోతే పర్లేదు, ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనివ్వండి.

గోల్డెన్ లేన్ ఇరుకు వీధి. 22 నంబరు ఇంట్లో 1916, 17లలో రచయిత కాఫ్కా రాసుకునేవాడు. టికెట్టులో భాగమే కాబట్టి ఒక చుట్టు చుట్టి రండి, అంతకు మించి టైమ్ ఇవ్వక్కర్లేదు. పన్నెండింటికి బ్యాండుతో కాపలా మారుతుంది. ఆ వేళకి అక్కడే ఉంటే చూడండి, దాని కోసం మాత్రం ఆగకండి.

3. మెట్లు దిగి తోటలోకి, ఆ తర్వాత భోజనం

కోట తూర్పు గేటు నుంచి పాత మెట్లదారి నేరుగా మాలోస్ట్రాన్‌స్కా మెట్రో దగ్గరికి దింపుతుంది. పక్కనే వాలెన్‌స్టైన్ తోట, ప్రవేశం ఉచితం, చలికాలంలో మూసేస్తారు. నెమళ్లు తిరుగుతుంటాయి, కూర్చోవడానికి బెంచీలుంటాయి. ఈ తోట కూడా మన కథలోదే. తిరగబడ్డ ప్రొటెస్టెంట్ల సైన్యం 1620 నవంబరు 8న ప్రాగ్ శివార్లలోని తెల్లకొండ దగ్గర ఒకే పూటలో ఓడిపోయింది. ఓడినవాళ్ల భూములు జప్తయ్యాయి. వాటిని కారుచవకగా కొని కుబేరుడైన సేనాని వాలెన్‌స్టైన్. ఇరవైకి పైగా ఇళ్లు కూల్చి ఈ భవనం, తోట కట్టుకున్నాడు. 1634లో తన చక్రవర్తి మనుషుల చేతిలోనే చచ్చాడు. ఇప్పుడా భవనంలో చెక్ సెనేట్ ఉంటుంది.

భోజనానికి చౌరస్తాల పక్కన కాకుండా రెండు వీధులు లోపలికి వెళ్లండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలు పదకొండు నుంచి రెండు వరకు 'పొలెడ్ని మెను' అని బోర్డు కనబడితే అది ఆఫీసుల వాళ్లు తినే రోజువారీ భోజనం, ధర తక్కువ.

తిండి బాధ్యత తీసుకున్న స్నేహితుడు ఈ మూడు మాటలు కంఠతా పట్టాలి: 'హొవ్యెజీ' అంటే గొడ్డు మాంసం, 'వెప్రోవే' అంటే పంది, 'కురె' అంటే కోడి. గులాష్, స్విచ్‌కొవా అనే చెక్ వంటకాలు రెండూ మామూలుగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. శాకాహారులు 'బెజ్ మాసా' అని అడగాలి. అంటే మాంసం లేకుండా అని. అప్పుడు ఎక్కువగా చూపించేది 'స్మజెనీ సీర్', జున్ను మందపాటి ముక్కకు పిండి, రొట్టె పొడి పట్టించి నూనెలో వేయించింది. రుచిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. కానీ ఆ పొడి అంటుకోవడానికి గుడ్డు వాడతారు. పక్కన పెట్టే క్నెడ్లికి అనే రొట్టె ముద్దల్లోనూ గుడ్డుంటుంది. మన ఇళ్లల్లో శాకాహారమంటే గుడ్డు కూడా లేదని అర్థం, అక్కడ అలా కాదు. కాబట్టి గుడ్డు సంగతి విడిగా అడగండి. గుడ్డు కూడా తిననివాళ్లు బయల్దేరే ముందు పులిహోర కలిపి డబ్బాలో తెచ్చుకుంటే తోటలో బెంచీ మీద హాయిగా తినొచ్చు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నింపుకోండి.

వీధుల్లో ట్రడెల్నిక్ అనే చుట్ట రొట్టె వాసన లాగుతుంది. ప్రాచీన ప్రాగ్ వంటకం అని బోర్డులు పెట్టినా, అది ఈ మధ్య పర్యాటకుల కోసం వచ్చిందే. తినాలనిపిస్తే ఒకటి కొని పంచుకోండి.

4. మానెస్ వంతెన మీదుగా యూదుల పేటకు

మళ్లీ చార్ల్స్ బ్రిడ్జి రద్దీలోకి పోవద్దు. మాలోస్ట్రాన్‌స్కా దగ్గరున్న మానెస్ వంతెన ఎక్కండి. పొద్దున నడిచిన వంతెన మొత్తం ఇక్కడి నుంచే బాగా కనబడుతుంది, గ్రూప్ ఫొటోకి ఇదే సరైన చోటు.

అటువైపు దిగిన చౌరస్తాకు యాన్ పాలాఖ్ పేరు పెట్టారు. ఆయన చదివిన చార్ల్స్ యూనివర్సిటీ విభాగం ఈ చౌరస్తాలోనే ఉంది. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు దేశంలోకి వచ్చాక జనం నిరాశలోకి జారిపోతున్నారని, వాళ్లను కదిలించాలని 1969 జనవరి 16న వెన్సెస్లాస్ స్క్వేర్‌లో ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. మూడు రోజులకు చనిపోయాడు. వయసు 20. మీ వయసే.

పక్కనే యోసెఫోవ్, యూదుల పేట. శనివారం, యూదుల పండుగల రోజుల్లో ఇక్కడి యూదుల మ్యూజియం మూసి ఉంటుంది, మీ ప్రయాణం శనివారమైతే దీన్ని మర్నాటికి మార్చుకోండి. టికెట్టు ఖరీదైనదే. కానీ ఈ రోజు ఇంకే టికెట్టు మానేసినా పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) మానకండి. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా యూదుల పేర్లు, సుమారు 78,000 పేర్లు, లోపలి గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ. పై అంతస్తులో టెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలు. మగవాళ్లు తల కప్పుకోవాలి. ఫోన్లు జేబుల్లోనే ఉంచండి, పేర్ల ముందు సెల్ఫీ ఎవరూ దిగకుండా మీలో మీరే చూసుకోండి. బయటికి దారి పాత శ్మశానంలోంచి. స్థలం చాలక ఒకరి మీద ఒకరిని పొరలు పొరలుగా పూడ్చారు, అందుకే రాళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒరిగి ఉంటాయి.

ఇక్కడికొచ్చేసరికి బృందంలో ఒకరిద్దరు అలసిపోతారు. బతిమాలి లాక్కెళ్లకండి. కాఫీ తాగి కూర్చోమనండి, హుస్ విగ్రహం దగ్గర ఫలానా టైముకి కలుద్దామని చెప్పి మిగతావాళ్లు కదలండి.

5. ఓల్డ్ టౌన్ స్క్వేర్: గడియారం, 27 శిలువలు

పర్జిజ్‌స్కా వీధిలో తిన్నగా నడిస్తే చౌరస్తాలో పడతారు. ఖగోళ గడియారం ముందు గంట కొట్టే వేళకు జనం గుమిగూడతారు. ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు ప్రతి గంటకూ పైన రెండు కిటికీలు తెరుచుకుని యేసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు వెళ్తాయి, పక్కన అస్థిపంజరం గంట కొడుతుంది. నిమిషం లోపే అయిపోతుంది, చాలామంది 'ఇంతేనా' అంటూ వెళ్లిపోతారు. అందరూ పైకి చూసే ఆ నిమిషంలోనే జేబుదొంగలు పని కానిస్తారు, బ్యాగులు ముందుకు వేసుకోండి.

నిజంగా చూడాల్సింది కింద నిశ్చలంగా ఉన్నట్టు కనిపించే పెద్ద పళ్లెం. గంట కొట్టడానికి పదిహేను నిమిషాల ముందే వచ్చి దాన్ని చదవండి. 1410లో కడాన్ ఊరి మికులాష్ అనే గడియారం పనివాడు చేశాడు, లెక్కలు కట్టింది చార్ల్స్ యూనివర్సిటీ ఆచార్యుడు యాన్ షిండెల్. మన పంచాంగం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు: సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎక్కడున్నాడో, వెన్నెల ఎంత నిండిందో అన్నీ చెబుతుంది. రాశుల వలయం మీద బంగారు సూర్యుడున్న చోటు వెతకండి. మన లెక్కలో సూర్యుడు మేషంలోకి ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తాడు, ఇక్కడ సాయన లెక్క (వసంత విషువత్తు నుంచి లెక్కపెట్టేది) కాబట్టి మార్చి 21 ప్రాంతంలోనే వచ్చేస్తాడు. బయటి వలయం మీది పాతకాలపు అంకెలు 1 నుంచి 24 వరకు. అవి పాత చెక్ గంటలు. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకు సూర్యాస్తమయంతో మొదలయ్యేది, అందుకే ఆ వలయం ఋతువును బట్టి జరుగుతుంటుంది. బృందంలో ఒకరు ముందే చదువుకొచ్చి మిగతావాళ్లకు వివరిస్తే బాగుంటుంది.

ఇప్పుడు గడియారాన్ని ఎడమచేతి వైపు వదిలి, టౌన్ హాల్ మూల తిరిగి తూర్పు గోడ దగ్గరికి రండి. కింద నేల చూడండి. రాళ్లలో తెల్లటి శిలువలు పొదిగి ఉంటాయి. 27. ఎక్కువమంది తెలియక వాటి మీది నుంచే నడిచిపోతారు. 1621 జూన్ 21న ఇక్కడే వేదిక కట్టి తిరుగుబాటు నాయకులను చంపారు: ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్లు, 17 మంది నగరవాసులు. గోడ మీద వాళ్ల పేర్లున్నాయి.

వాటిలో యాన్ యెసెన్స్కీ పేరు వెతకండి. వైద్యుడు. 1600లో ప్రాగ్‌లో నలుగురి ముందు శవపరీక్ష చేసి చూపించినవాడు. తర్వాత చార్ల్స్ యూనివర్సిటీకి రెక్టార్, అంటే అధిపతి, అయ్యాడు. తిరుగుబాటు తరఫున రాయబారిగా మాట్లాడినందుకు నాలుక కోసి, ఆపై తల నరికారు. చౌరస్తా అవతల రెండు సూది గోపురాలతో కనబడేది టీన్ చర్చి. అందులో ఖగోళ శాస్త్రవేత్త టీకో బ్రాహే సమాధి ఉంది. 1601లో ఆయన అంత్యక్రియల్లో అక్కడ ప్రసంగించింది ఈ యెసెన్స్కీయే. ఇరవై ఏళ్లకు, ఆ చర్చి గోపురాలు కనబడే ఈ చోటునే ఆయన ప్రాణం పోయింది. చర్చి తెరిచి ఉండే వేళలు తక్కువ, తలుపు తీసి ఉంటే లోపలికెళ్లి సమాధి రాయి చూసి రండి. ఆయన రెక్టారుగా ఉన్న యూనివర్సిటీ పాత భవనం, కరోలినుమ్, ఇక్కడికి మూడు నిమిషాల దూరం. 1348లో పెట్టిన ఆ యూనివర్సిటీ ఇవాళ్టికీ నడుస్తోంది.

రాత్రికి

చౌరస్తాలో రాత్రి భోజనం చేయకండి, అక్కడి ధరల్లో సగం ఆ దృశ్యానికే కడతారు. బిల్లొచ్చాక అడగనివి ఏమైనా చేర్చారేమో ఒకసారి చూసుకోండి. వడ్డన బాగుంటే పది శాతం దాకా ఇవ్వడం మర్యాద. ఆ రోజు ఖర్చు లెక్క పడుకునేలోపే తేల్చేసుకోండి, రెండో రోజుకు వాయిదా వేస్తే ఎవరికీ గుర్తుండదు.

మర్నాడు మిగిలితే వెన్సెస్లాస్ స్క్వేర్, వైషెహ్రాడ్ అనే పాత కోట చూడొచ్చు. మెట్రో అర్ధరాత్రి దాకా, శుక్ర శనివారాల్లో ఇంకో గంట దాకా తిరుగుతుంది. ఆ తర్వాత 90ల నంబర్ల రాత్రి ట్రామ్‌లుంటాయి. అవన్నీ లాజర్‌స్కా స్టాపులో కలుస్తాయి కాబట్టి అక్కడికి చేరితే మీ హాస్టల్ వైపు వెళ్లేది దొరుకుతుంది.